కుండీ చింతకు వేరుకోత

సనోబర్ పెంచుతున్న చింతచెట్టు ఎత్తు జానెడు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన చింతపండులో గింజ కనిపిస్తే, కోవిడ్ రోజుల్లో చేతికి వేరే పని లేక, పెరుగు డబ్బాలో పాతింది. అది మొలిచింది. గల్ఫ్ ఎడారిలోని రువైస్‌లో, రిఫైనరీ కంపెనీ క్వార్టర్సులో తలుపు తీస్తే ఎండ, మూస్తే ఏసీ. మధ్యలో పచ్చగా కనిపించేది అదొక్కటే కావడంతో మమకారం పెరిగింది. బోటనీ డిగ్రీకి ఇన్నాళ్ళకు ఓ ఉపయోగం దొరికిందని కూడా అనిపించింది.

బోన్సాయ్ అంటే కొమ్మలు వంచడమని అందరూ అనుకుంటారు. అసలు పనంతా మట్టి కిందే. తల్లివేరు కోసేయాలి. పక్కవేళ్ళను కాండం చుట్టూ సమంగా పరచాలి. అవి లోతుకు దిగకుండా అడుగున పలక పెట్టాలి. అప్పుడు మొదలు నేలను గట్టిగా పట్టుకున్నట్టుండి, జానెడు చెట్టుకూ పెద్దరికం వస్తుంది. సనోబర్ చెట్టుకు ఆ పెద్దరికం మూడు వైపులే వచ్చింది. నాలుగో వైపు లావాటి వేరొకటి, పండక్కొచ్చిన అల్లుడు కాళ్ళు చాపినట్టు, కుండీ అంచుదాకా సాగి, మిగతావాటి వాటా నీళ్ళు కూడా తాగుతోంది.

ఎండ ముదరకముందే, మార్చిలో, దాని సంగతి తేల్చాలనుకుంది. ఏప్రిల్‌లో కాలనీ ఆడవాళ్ళ మొక్కల ప్రదర్శన ఉంది. ఏటా పక్కింటి వైదేహి మల్లెలకే చప్పట్లు. ఈసారి తన చింతను నిలబెట్టాలని సనోబర్ ఆశ.

విజిట్ వీసా మీద వచ్చిన అత్త దౌలత్‌బీ, కోడలు చెట్టును కుండీలోంచి పెకలించి ఫోర్కుతో వేళ్ళు దువ్వుతుంటే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏందే, దానికి పేలు చూస్తాండావా?"

"చిక్కు తీస్తాండా అత్తా."

"ఇన్నేండ్లు పెంచినావు. ఒక్క కాయన్నా కాసిందా?"

"కాయలకు కాదత్తా. చూసేదానికి."

"చింతచెట్టును చూసేదేంది? మా ఊర్లో అయితే దయ్యముందేమోనని చూస్తారు, అంతే."

"దీంట్లో దయ్యానికి చోటు యాడుంది లే."

లావాటి వేరు తెగింది. దాంతోపాటు దాన్నంటుకున్న పీచువేళ్ళూ పోయాయి. వేళ్ళు తగ్గిస్తే ఆకులు కూడా అదే పాళ్ళలో దూసేయాలి. నీళ్ళు లాగే వేళ్ళు తగ్గినా ఆకులు అన్నీ ఉంటే, చెట్టు ఒంట్లో తడి ఆరిపోతుంది. ఈ ముక్క సనోబర్ చదువుకున్నదే. కానీ కొమ్మ కొమ్మకూ అప్పుడే లేత చిగురొచ్చి ఉంది. బోడిచెట్టుతో వైదేహి మల్లెల పక్కన నిలబడటమా? ఆకులు ఉంచేసింది.

చింతాకు రాత్రి ముడుచుకోవడం మామూలే. వారం తిరక్కముందే ఇవి మిట్టమధ్యాహ్నం కూడా విచ్చుకోవడం మానేశాయి. సనోబర్ కుండీని నీడకు మార్చింది, ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టి చిలకరించింది. లాభం లేకపోయింది. రిఫైనరీలో డ్యూటీ దిగొచ్చిన హయాత్ బాషా, భార్య వెనక నిలబడి చూశాడు.

"సగం పంపులు పీకేసి లోడు అట్లనే పెడితే ట్రిప్ అయి ఆగిపోదా? ఆకు దూసెయ్."

"ప్రదర్శన అయిపోనీ."

"అప్పటికి ఖలాస్."

సనోబర్ ఆ శనివారం వేళ్ళు పట్టించే మందు కోసం అతన్ని అబుదాబి దాకా కారు నడిపించింది. మందు డబ్బాతో ఇంటికొచ్చేసరికి వాకిట్లోనే మటన్ వాసన, అందులో తెలిసిన పులుపు.

బాల్కనీలో చెట్టు పుల్లలుగా నిలబడి ఉంది. పక్కన పాత చీర మీద ముదురాకు ఆరబెట్టి ఉంది.

"అత్తా!"

"ఎట్లైనా సచ్చేదే గదమ్మా," దౌలత్‌బీ గరిటె తిప్పుతూనే అంది. "చిగురన్నా దక్కనీలే అని కోసినా. ముదురాకు పొడికొస్తుంది."

"ఒక్కాకన్నా మిగిల్చుంటివి!"

"ఒక్కాకుతో ఏం చేస్తావే?"

భోజనాల దగ్గర హయాత్ బాషా గిన్నెలో గరిటె పెట్టి చిగురు కోసం చాలాసేపు వెతికాడు. కోపంలో ఉన్నా సనోబర్‌కు రెండోసారి వడ్డించుకోవలసి వచ్చింది.

ప్రదర్శనకు బోడిచెట్టునే తీసుకెళ్ళింది. మోడైనా తన మోడే అనుకుంది.

"ఆకులేవండీ?" అంది వైదేహి.

"మా అత్త కూరొండింది."

వైదేహి పకపకా నవ్వింది. మామూలుగానే మల్లెలకు చప్పట్లు కొట్టారు. చూడటానికి వేరే ఏమీ లేక, జనం చింత మొదలు దగ్గర వంగి వేళ్ళు చూసి వెళ్ళారు.

ఆ తర్వాతి వారం బెరడు గోటితో గీకితే లోపల పచ్చగా ఉంది. మరికొన్నాళ్ళకు కొమ్మల కొసల్లో ఎర్రటి చిగురు మొగ్గలు లేచాయి. వేరు కోసిన చోట మట్టి కాస్త తొలగిస్తే, తెల్లటి పీచువేళ్ళు నాలుగో వైపుకు బయల్దేరి కనిపించాయి. మందు డబ్బాకు సీలు కూడా తీయలేదు.

ఆకు కోయడం వల్లే చెట్టు బతికిందని అత్తకు చెప్పే ఉద్దేశం సనోబర్‌కు లేదు. చెబితే ఏటా కోస్తుంది.

దౌలత్‌బీ కళ్ళజోడు పెట్టుకుని మొగ్గల మీదికి వంగింది. "ఇంకొన్ని దినాలు ఆగితే గుప్పెడొస్తుంది."

"అప్పటికి నీ వీసా ఖలాస్ అత్తా."

"హయాత్‌తో చెప్పి పొడిగిచ్చుకుంటాలే."

సనోబర్ కుండీని రెండు చేతులా ఎత్తి, అత్తకు అందని పై అరలో జాగ్రత్తగా పెట్టింది. ఇటు తిరిగేలోపే వెనక కుర్చీ లాగిన చప్పుడైంది.