పలకరాతి గూడు

దీనమ్మకు ఐదు పెట్టలుండేవి. వానలు వెనకబట్టే లోపల మూడింటిని బావురుపిల్లి ఎత్తుకుపోయింది. కందికట్టె గూడు దానికి ఒక అడ్డమా? ఒక్క గీరు గీరితే ఊడివచ్చేది.

మిగిలిన రెండూ పోతే మొగుడి నోట్లోకి గుడ్డు లేదు. ఏబేలు ఇరవై ఏళ్లు పలకల గనిలో రాయి చీల్చినాడు. కొత్త రాష్ట్రం వచ్చి ఊరూరా బళ్లు పెట్టినాక పలకలకు గిరాకీ పెరిగింది, గనిలో దుమ్మూ పెరిగింది. రొమ్ము నిండా అదే పట్టిందని మార్కాపురం ధర్మాసుపత్రిలో డాక్టరు చెప్పినాడు. గనికి పోవద్దన్నాడు, రోజుకొక గుడ్డు తినమన్నాడు. "మందేది సామీ?" అని దీనమ్మ అడిగితే, "గుడ్డేనమ్మా" అన్నాడు, మొహం చూడకుండా. మందు లేదని ఆమెకు అప్పుడే అర్థమైంది. అయినా గుడ్డునే పట్టుకుంది. పట్టుకోవడానికి ఇంకేముంది?

"మట్టిగోడ పెడదాం మామా. పైన బోదగడ్డి కప్పుదాం" అనింది.

"మట్టిని పిల్లి తవ్వదా? రాయి చీల్చేవాని పెండ్లానివి, మట్టంటావేందే? పలకరాయి పెడతా. పిల్లి తాత దిగొచ్చినా గోరు దిగదు."

"గనికి పోవద్దన్నాడు గదా!"

"గనికెవడు పోతాడు? గనే ఇంటికొస్తాది."

అట్లే వచ్చింది. బడిపలకలకు పనికిరావని గని పక్కన పారేసిన రాళ్లను ఎవరూ అడగరు. దీనమ్మే తలమీద మోసింది. మోయనంటే తానే పోతానని చెప్పు తొడిగినాడు మరి.

ఉలి పడగానే బూడిదరంగు దుమ్ము లేచింది. మూతికి తడిగుడ్డ కడితే ఊపిరాడదని పీకేసినాడు. రాయి మీద నీళ్లు చల్లబోతే, "పొర కనపడదు, పో అవతలికి" అని కసిరినాడు. దగ్గుతాడు, ఉమ్ముతాడు, మళ్లీ ఉలి పడతాడు. ఏడాదిగా గోడవైపు తిరిగి పడుకున్న మనిషి మొహంలో పెండ్లికొడుకు కళ వచ్చింది. సుత్తి లాక్కుందామని దీనమ్మ రెండుసార్లు లేచింది, రెండుసార్లూ కూర్చుంది.

నాలుగు రోజులకు గూడు లేచింది. రాయికీ రాయికీ మధ్య దారం దూరదు. పిల్లి వచ్చింది, గీరింది, పోయింది. పెట్టలు గుడ్లు పెట్టినాయి. కానీ ఐదో రోజు ఏబేలు మంచం దిగలేదు. పాలలో కొట్టి తాపిన గుడ్డు దగ్గుతో పాటు బయటికి వచ్చింది, ఎర్రగా. దీనమ్మ తుడిచింది. మరునాడు మళ్లీ కొట్టి తాపింది. అదీ నిలవలేదు.

పక్కింటి ఎలీషబా గూడు చుట్టూ తిరిగి చూసింది.

"అన్నా, మా ఇంటికంటే గట్టిగుందే! వానొస్తే మా అత్తను దీంట్లోనే పెడతా. మాకూ ఒకటి చేసిపెట్టరాదా?"

వద్దని దీనమ్మ కళ్లతో సైగ చేసింది. ఎలీషబా చూడలేదు. ఏబేలు మోచేతి మీద లేచినాడు.

"ఎన్ని కోళ్లు?"

"ఆరు."

"అయితే ఇంతకు రెండింతలుండాల. రాళ్లు తెచ్చిపెట్టుకో. ఈ దగ్గు తగ్గంగానే మొదలుపెడతా."

కాదంటే ఆ మోచెయ్యి వాలిపోతుంది. దీనమ్మ చుట్టకుదురు తలమీద పెట్టుకుంది.

"ఆమెకేం తెలుసు రాయి సంగతి, నేనే తెస్తా. పెద్దవా మామా, చిన్నవా?"

ఏబేలు రెండో చెయ్యి చాచి కొలత చూసినాడు.

"పెద్దవే తే" అన్నాడు. "అంచులు చూసి తే."