స్వయంగా తనిఖీ చేశాను

"చెప్పులేసుకుని ముట్టుకోమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

ఉతికిన బట్టలు తీయబోయి వాషింగ్ మెషీన్ అంచు పట్టుకున్నాను. చెయ్యి జివ్వుమంది. నేను చెయ్యి విదిలించుకుంటుంటే హాల్లోంచి, పేపర్లోంచి తల ఎత్తకుండా మావారు అన్న మాట అది. ఈ ఇంట్లోకి వచ్చిన నాలుగేళ్ళుగా మా వంటింటి గుమ్మం దగ్గర ఒక జత రబ్బరు చెప్పులు ఉంటాయి. మెషీన్ ముట్టుకోవాలన్నా, ఫ్రిజ్ తెరవాలన్నా అవి తొడుక్కోవాలి. మా ఇంటికి ఎర్తింగ్ లేదు. అంటే, ఏ వస్తువులోనైనా కరెంటు లీకైతే దాన్ని మట్టిలోకి దింపే తీగ లేదు. ఆ తీగ చెయ్యాల్సిన పని నా ఒళ్ళు చేస్తుంది. ఇదంతా నాకెలా తెలుసంటే, ఈ ఇంట్లో ఎలక్ట్రికల్ లైసెన్సు ఉన్నది నాకొక్కదానికే.

లైసెన్సు నాది, ఇళ్ళకి వైరింగు చేసే షాపు ఆయనది. పెళ్ళికి ముందు మూడేళ్ళు డిప్లొమా చదివి, రెండేళ్ళు ఒక కాంట్రాక్టరు దగ్గర నిచ్చెనలెక్కి దిగి, రాతపరీక్ష, నోటిపరీక్ష రెండూ మొదటిసారే గట్టెక్కాను. ఆయన రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పారు. చేతిపనిలో ఆయనకి వంక పెట్టలేం, అబద్ధమెందుకు. పుస్తకం ముందు కూర్చుంటే మాత్రం కళ్ళు మూతలు పడిపోతాయి. పెళ్ళిచూపుల్లో పాటొచ్చా, వంటొచ్చా అని అడగలేదాయన. "లైసెన్సు ఎన్నేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి?" అన్నారు. ఎంత మంచి మనిషో అని మురిసిపోయాను. ఆ రోజు ఆయన చూడ్డానికొచ్చింది నన్ను కాదని, నా కాగితాన్నని తెలియడానికి ఆర్నెల్లు పట్టింది.

పెళ్ళయ్యాక మళ్ళీ నిచ్చెన ఎక్కలేదు. "మన ఇంటి కోడలు ఊళ్ళోవాళ్ళ గోడలు పట్టుకుని వేలాడితే బాగుంటుందా?" అన్నారు అత్తయ్య. లైసెన్సు షాపులో కనబడేలా తగిలించాలని రూలు కాబట్టి తగిలించారు. దానిమీద నా ఫొటో ఉంది కాబట్టి పైన క్యాలెండరు వేలాడదీశారు. అధికారులొస్తే క్యాలెండరు లేస్తుంది, వాళ్ళు మెట్లు దిగగానే అదీ దిగుతుంది. నాకు మిగిలిన పనులు రెండు. ఒకటి ఫోను. ఒక్కో లైటు పాయింటుకి ఎంత, పర్మిషన్ ఫీజు వేరేనా, లైసెన్సు లేనివాడు సగానికే చేస్తానంటున్నాడు కదా, మీకెందుకంత ఇవ్వాలి అని అడుగుతారు. ఎందుకివ్వాలో ఓపిగ్గా చెబుతాను. అంతా విని, "ఒకసారి మీవారికివ్వమ్మా" అంటారు. ఆయన ఫోను తీసుకుని నేను చెప్పిందే మళ్ళీ చెబుతారు. అప్పుడు అర్థమవుతుంది వాళ్ళకి.

రెండో పని సంతకాలు. సోమవారం పొద్దున్నే పది ఖాళీ ఫారాలు తెచ్చి పొయ్యి పక్కన పెడతారు. ఎవరింట్లో పని పూర్తయినా ఒకటి కరెంటాఫీసుకి వెళ్ళాలి. "ఈ ఇంటి వైరింగును, ఎర్తింగును స్వయంగా తనిఖీ చేశాను" అని అచ్చేసి ఉంటుంది, కింద లైసెన్సు ఉన్నవాళ్ళ సంతకం. అడ్రసులు ఆయన తర్వాత నింపుకుంటారు. పన్నెండేళ్ళుగా పాలగిన్నె మీద ఒక కన్నేసి, తడిచేత్తో, గుమ్మం కూడా తొక్కని ఇళ్ళని తనిఖీ చేస్తూ వచ్చాను. "ఎర్తింగ్ సరిగ్గా వేస్తున్నారా?" అని మొదట్లో అడిగేదాన్ని. "నాకు పని నేర్పుతావా?" అనేవారు. తర్వాత్తర్వాత అడగడం మానేశాను. మా ఇంటికే లేదని తెలిసి కూడా, బయటివాళ్ళకి వేస్తూనే ఉంటారులే అనుకున్నాను. అలా అనుకుంటే సుఖంగా ఉంటుంది కాబట్టి అనుకున్నాను.

మెషీన్ దగ్గర షాక్ తిన్న రోజే, శనివారం, ఒకావిడ ఫోను చేశారు. రిటైరైన నర్సు, ఒంటరిగా ఉంటారు. నెల కిందట ఆవిడింటికి మావారు కొత్తగా వైరింగు చేసి, స్నానాలగదిలో గీజరు పెట్టారు.

"అమ్మా, కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోంది. మీవారికి రెండుసార్లు చెప్పాను. నరాల బలహీనత, డాక్టరుకి చూపించుకోండి అన్నారు. నలభై ఏళ్ళు నర్సుగా చేశాను. ఏది నరమో, ఏది కరెంటో నాకు తెలీదూ?"

"చెప్పులేసుకుని ముట్టుకోండమ్మా," అన్నాను.

అనేశాక వినబడింది నాకు. గొంతు నాది, మాట ఆయనది. తడుముకోకుండా, విసుగుతో సహా వచ్చేసింది.

"స్నానం కూడా చెప్పులతోనే చెయ్యమంటావా తల్లీ?" అన్నారావిడ. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామని అడిగినట్టు. సిగ్గుతో నా చెవులు మండిపోయాయి.

"ఏదీ ముట్టుకోకండి. మెయిన్ స్విచ్ ఆపెయ్యండి. నేనే వస్తున్నా," అన్నాను. అటక మీంచి నా పాత పనిముట్ల సంచీ దించి దుమ్ము దులుపుతుంటే, "ఎక్కడికి ప్రయాణం?" అన్నారు అత్తయ్య. "తనిఖీకి," అన్నాను. నేనేదో వేళాకోళమాడానని ఆవిడ మొహం చిట్లించుకున్నారు.

నర్సమ్మగారింట్లో గీజరు ప్లగ్గు పెట్టే బోర్డు విప్పాను. ఎర్తింగ్‌కి వెళ్ళాల్సిన ఆకుపచ్చ తీగని బెత్తెడు పొడవు కూడా లేకుండా కత్తిరించి, నల్ల టేపు చుట్టి, లోపలికి మడిచి పెట్టారు. పెరట్లోకి వెళ్ళాను. ఎర్తింగ్ గొయ్యి ఉండాల్సిన చోట ఒక గొట్టం నిలబడి ఉంది. పట్టుకుని లాగితే కలుపుమొక్కలా చేతిలోకి వచ్చేసింది. జానెడు గొట్టం, దానికింద ఉత్త మట్టి. నర్సమ్మగారు లోపలికెళ్ళి ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచుకున్న కాగితం తెచ్చారు.

"అంతా పరీక్ష చేశామని రాసిచ్చారు కదమ్మా. ఇదిగో, ఆడమనిషి పేరే ఉంది. ఆడమనిషి చూసిందంటే జాగ్రత్తగానే చూసుంటుందని ధైర్యంగా ఉన్నాను. ఎవరీవిడ?"

సంతకం చివర తడికి అలుక్కుపోయిన సిరా. "నేనేనండి," అన్నాను.

ఆవిడ కుర్చీ నా వైపు జరిపి, మంచినీళ్ళు తేవడానికి వెళ్ళారు. తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని నేను చూసిందంతా విన్నారు మావారు. "ఆ ఒక్కింటికీ వేసేద్దాంలే. ముసలావిడ గొడవ వదిలిపోతుంది."

"మిగతా ఇళ్ళకి?"

"ఎర్తింగ్ ఖర్చు కలిపితే లైసెన్సు లేనివాడి రేటుకి మనమెలా చేస్తాం? పనెవడిస్తాడు? ఇన్నేళ్ళలో ఎవరైనా పోయారా?"

"పోతే?"

"పోతే ఏముంది, కాగితం మీద నా పేరెక్కడుంది?" అన్నారు. బెదిరించలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పి, పెరుగు వెయ్యమని కంచం జరిపారు. "లైసెన్సు పోయిందా, షాపు మూత, పిల్ల చదువు మూత. ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. ఆదివారం ఫోను పుస్తకం పట్టుకుని, అందులో రాసుకున్న, మావారు పని చేసిన అడ్రసుల్లో ఇంకో తొమ్మిది ఇళ్ళు తిరిగాను. మావారు నేను చెల్లెలింటికి వెళ్ళాననుకున్నారు. నర్సమ్మగారిదీ కలిపి పదింటిలో ఒక్క ఇంటికే ఎర్తింగ్ ఉంది, అదీ ఇంటాయన దగ్గర నిలబడి చేయించుకున్నాడట. మిగతా ఇళ్ళల్లో గీజర్లూ మెషీన్లూ ఆపించి వచ్చాను. ఒకింట్లో ఏడాది పాప ఫ్రిజ్ పట్టుకుని నిలబడటం నేర్చుకుంటోంది. ఆ ఫ్రిజ్ ప్లగ్గు నేనే పీకేశాను.

సోమవారం పొద్దున ఎప్పటిలాగే పొయ్యి పక్కన పది ఫారాలున్నాయి. పాలు కాగనిచ్చి, దించి, పొయ్యి ఆపాను. చేతులు పొడిగా తుడుచుకుని నేలమీద కూర్చున్నాను. అచ్చేసిన వాక్యం కొట్టెయ్యలేదు. స్వయంగా తనిఖీ చేశానన్న మాట పన్నెండేళ్ళలో ఇప్పుడే నిజమైంది. దాని కింద రాశాను: "ఎర్తింగ్ లేదు. లోగడ నేను పెట్టిన సంతకం అబద్ధం." తొమ్మిది ఫారాల మీద తొమ్మిది ఇళ్ళ అడ్రసులు. లైసెన్సు పోతుందని తెలుసు. పిల్ల ఫీజు గుర్తొచ్చి చెయ్యి ఆగింది, ఏడుపొచ్చింది. ఏడుస్తూనే రాశాను. పదో ఫారం మీద మా ఇంటి అడ్రసు రాసి సంతకం పెట్టాను.

"అయ్యాయా?" హాల్లోంచి మావారు.

ఫారాలు పనిముట్ల సంచీలో పెట్టుకుని, కరెంటాఫీసుకి బయల్దేరదామని లేచాను.

"అయ్యాయండీ. పది చాల్లేదు, ఇంకో కట్ట కావాలి."