మణెమ్మ రక్తం

2012లో నేను మోతె ఊరికి పోవడం అది మూడోసారి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బస్టాండ్లలో రక్తం ట్యూబుల ఐస్ డబ్బా మోసీ మోసీ నా భుజం ఒకపక్కకు ఒరిగిపోయింది. వణుకుడు రోగం ఉన్నవాళ్ల రక్తం ఒక ట్యూబులో, అదే ఇంట్లో అదే తిండి తినే ఆరోగ్యవంతుల రక్తం ఇంకో ట్యూబులో తేవాలి. ఆ రెండింటిలోని తేడాలు చూసి రోగం గుట్టు పట్టుకుంటారట హైదరాబాదు ల్యాబులో.

నేను ట్యూబులు తారుమారు చేశానని ల్యాబు నుంచి ఫోన్ వచ్చింది. రోగి ఈ మోతె ఎర్రయ్య. ఆయన భార్య మణెమ్మకు ఏ రోగమూ లేదని నేనే రాశాను. కానీ ఎర్రయ్య మింగే మందు ఆనవాళ్లు ఆమె రక్తంలోనూ ఉన్నాయట. "మళ్లీ తీసుకురా. ఈసారీ ఇట్లనే ఉంటే ఇగ రాకు" అన్నాడు మా మేనేజరు. పన్నెండేళ్లుగా సూదులు గుచ్చుతున్నవాణ్ని, ట్యూబు మీద పేరు రాయడం రాదంటాడా! ఒళ్లు మండింది. గట్టిగా మండడానికి కూడా ఓపిక లేదనుకోండి.

ఎర్రయ్య గొర్రెల దొడ్డి దగ్గర మంచంలో కూర్చుని ఉన్నాడు. పోయినసారి కన్నా చెయ్యి ఎక్కువగా వణుకుతోంది. ఇంటి అరుగు మీదున్న మణెమ్మను కుడిచెయ్యి చాపమంటే ఎడమది చాపింది. కుడిది కొంగు కింద దాచుకుంది. నాకు అనుమానమొచ్చింది.

"పెద్దమ్మా, ఆయన గోలీలు నువ్వు గూడ మింగుతున్నవా? నిజం చెప్పు, నా కొలువు పోతది."

ఆమె దొడ్డి వైపు చూసి మెల్లగా కొంగు తీసింది. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

"ఈ వణుకు వచ్చి ఏడాదాయె బిడ్డా. ఈనడుమ ఆయన సగం గోలీ సాలంటున్నడు. మిగిలిన సగం నేను మింగుతున్న. ఆయనకు సెప్పకు. నేను గూడ పడితే దిక్కెవరని ఏడుస్తడు."

నా ట్యూబులు సరిగ్గానే ఉన్నాయి. సంతోషించాలి, కానీ చేతకాలేదు. సూది డబ్బాలో పెట్టేసి లేచాను.

దొడ్డి దాటుతుంటే ఎర్రయ్య పిలిచాడు.

"సారూ, ఆమె చెయ్యి సూసినవా? నేను పోయినేడే సూసిన. అడిగితే భయపడతది. అందుకే నాకు సగం గోలీ సాలన్న. మిగిలింది పారెయ్యదు, మింగుతదని నాకెరికే. నాకు తెల్సిందని ఆమెకు సెప్పకు."

ఇద్దరి గుట్లూ మోయడానికి నాకు ఇంకో భుజం లేదు. వెనక్కి వెళ్లి మణెమ్మను తీసుకొచ్చి ఆయన పక్కనే మంచంలో కూర్చోబెట్టాను.

"పెద్దమ్మా, ఆ చెయ్యి ఆయనకు సూపియ్యి. పెద్దయ్యా, నీకు సగం గోలీ ఎందుకు సాలిందో ఆమెకు సెప్పు. సోమవారం ఇద్దరూ సూర్యాపేటల డాక్టరు దగ్గరికి రాండ్రి."

ఇద్దరూ నన్ను మింగేసేలా చూశారు. ఎర్రయ్య, కొంగు కింద ఉన్న ఆమె చేతిని బయటికి లాగి తన చేతిలోకి తీసుకున్నాడు. ఏ చెయ్యి ఎక్కువ వణుకుతోందో నాకు తెలియలేదు.

నేను కాగితం తీసి, మణెమ్మ పేరు పక్కన నా చేత్తో రాసిన 'ఏ రోగమూ లేదు' అన్న మాట కొట్టేశాను.