గురువారం దక్షిణ ప్రయాణం

మా తమ్ముడు ఆదిశేషయ్యకు వాసన తెలియడం మానేసి అప్పటికి మూడేళ్ళు. ముక్కు రెండు వైపులా దిబ్బడే. మొదట్లో జలుబనుకున్నాం. పక్కింటి సామ్రాజ్యం చెప్పిందని తుమ్మి ఆకు పసరు నెలరోజులు చుక్కలు పోశాను. వాడు కళ్ళనీళ్ళు కార్చుకున్నాడే గాని ముక్కు తెరుచుకోలేదు.

వాడిది మామిడికాయల వ్యాపారం. రెడ్డిగూడెం తోటల్లో కాయ కొని, తిరువూరులో మా ఇంటి వెనక గదిలో వరిగడ్డి పరిచి మాగవేసేవాడు. పొద్దున్నే తలుపు తీసి, గుమ్మంలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, ఏ వరస ఇవాళ తీయాలో, ఏది రేపటిదాకా ఆగుతుందో చెప్పేసేవాడు. ముక్కు పోయాక ఆ పని మా మరదలు శివపార్వతి మీద పడింది. ఆవిడ పాపం ఒక్కొక్క కాయా నొక్కి చూసేది. రెండు వేసవులు పళ్ళు కుళ్ళబెట్టుకున్నాం.

అంతకన్నా పెద్ద దిగులు ఆయాసం. ఊరు దాటితే చాలు, బస్సు మైలవరం చేరేలోపల వాడి గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యేవి.

మా ఊళ్ళో డాక్టరు సుందరరావుగారు లైటు వేసి చూసి, ముక్కులో కండ పెరిగి ఒలిచిన ద్రాక్షపళ్ళలా వేలాడుతోందన్నారు. ఏం చేయవచ్చో ఓపిగ్గా చెప్పారు. ముక్కులో చుక్కల మందు ఉంది, ఇంత పెరిగినదానికి అది చాలదు. మాత్రలున్నాయి, కండను కుంగదీస్తాయి, కాని ఎల్లకాలం మింగితే ఒళ్ళు పాడవుతుంది. చివరిది ఆపరేషను. విజయవాడలో ముక్కు డాక్టరు సన్నని తీగతో ఉచ్చు వేసి కండను తెంచి తీస్తారు. తీసినా కొందరికి మళ్ళీ పెరుగుతుందని కూడా దాచకుండా చెప్పారు.

ముందు మాత్రలు వాడాం. ఆరోనాడు వాడు పెరట్లోంచి పరుగున వచ్చి, పప్పులో ఇంగువ వేశారు కదా అని అడిగాడు. చిన్నపిల్లాడిలా తాలింపు గరిటె పట్టుకుని నిలబడ్డాడు. మాత్రలు తగ్గించుకుంటూ వచ్చి ఆపేశాం. మూడు వారాలకు వాసన మళ్ళీ పోయింది. ఇక ఆపరేషనే అన్నారు.

ఆ మాట వినగానే గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. ఇరవై ఏళ్ళ కింద మా ఆయన కడుపులో పుండుకు ఆపరేషనని గుంటూరు వెళ్ళారు. బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపారు. నాలుగోనాడు ఆయన్ని లారీలో తెచ్చారు. ఆయన బయల్దేరింది గురువారం. ఏ వారం ఏ దిక్కుకు ప్రయాణం పనికిరాదో చెప్పే వారశూల పట్టిక ప్రతి క్యాలెండరులోనూ ఉంటుంది. గురువారం దక్షిణం పనికిరాదు. గుంటూరైనా విజయవాడైనా మాకు దక్షిణమే. ఆనాడు ఎవరం చూసుకోలేదు.

అప్పటినుంచి నేను బస్టాండు మొహం చూడలేదు. మావాళ్ళెవరు ఊరు వెళ్ళినా క్యాలెండరులో ఆ తేదీ మీద నిలువు గీత గీసేదాన్ని. తిరిగొస్తే దానిమీద అడ్డగీత. అది పడేదాకా నాకు అన్నం దిగేది కాదు. తమ్ముడికి ఆయాసం వచ్చిన రోజున ఎర్ర చుక్క కూడా పెట్టేదాన్ని, ఏ శూల తగిలిందో తేల్చుకుందామని.

ఆపరేషనుకు రెండుసార్లు రోజు నేనే ఎంచాను. ఒకటి సోమవారం, ఒకటి శుక్రవారం. రెండూ దక్షిణానికి మంచివే. రెండుసార్లూ శివపార్వతి వెంట వెళ్ళింది. రెండుసార్లూ దారిలోనే ఆయాసం. ఈ రొమ్ముతో ముక్కు ముట్టుకోనని అక్కడి డాక్టరు వెనక్కి పంపేశారు. రెండోసారి పెదాలు నల్లబడితే, సూదిమందులిచ్చి రెండు రోజులు అక్కడే ఉంచారు.

ఇంటికొచ్చి వాడు అరుగు మీద కూలబడ్డాడు.

"నాకీ ముక్కు చాలక్కా. ఇంక నన్నెక్కడికీ పంపొద్దు."

నాకూ పంపాలని లేదు. కాని పడుకుంటే ఊపిరాడక కూర్చుని నిద్రపోయే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఎన్నాళ్ళు చూస్తాను? మర్నాడు మధ్యాహ్నం క్యాలెండరు దించి ఒళ్ళో పెట్టుకున్నాను, మూడో మంచిరోజు వెతుకుదామని.

వెతికేకొద్దీ నా లెక్క నాకే తప్పింది. ఎర్ర చుక్కలు మంచిరోజుల మీదే ఎక్కువున్నాయి. చైత్రంలో ఒక గురువారం వాడు విజయవాడ వెళ్ళొచ్చాడు. నేను ఏడ్చినా ఆగకుండా వెళ్ళాడు. ఆ రోజు మీద గీతలు రెండూ ఉన్నాయి, చుక్క లేదు.

శివపార్వతిని పిలిచి అడిగాను. ఆవిడ చేట పక్కన పెట్టి ఆలోచించింది.

"ఆ రోజు కాయ లోడు వదినా. లారీ మన గుమ్మంలోకే వచ్చింది. బస్టాండుకే పోలేదు."

"బస్టాండులో ఏం చేస్తాడు వీడు?"

"ఏముంది, ఏడుకొండలు కొట్లో సోడా, తలనొప్పి మాత్ర. ఎండన పడి వెళ్తే తల పగులుద్దని ముందే వేసుకుంటారు."

మాఘంలో ఊరు కదలని రోజున ఒక చుక్క ఉంది. దాని సంగతీ అడిగాను. ఆ రోజు పన్ను నొప్పి వదినా, అదే మాత్ర తెప్పించుకున్నారు అంది. అంటూనే నోటి మీద చెయ్యి వేసుకుంది.

క్యాలెండరు చుట్టి చంకలో పెట్టుకుని, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని సుందరరావుగారి దగ్గరకు వెళ్ళాను. మా అక్క మీకు వారశూల చెప్పడానికొచ్చిందండీ అని వాడు నవ్వాడు. డాక్టరుగారు నవ్వలేదు. చుక్కల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నారు.

"హనుమాయమ్మగారూ, ఇది నేను అడగాల్సింది. అడగలేదు. ముక్కులో ఈ కండా, ఆయాసమూ కలిసి ఉన్నవాళ్ళలో కొందరికి ఈ తలనొప్పి మాత్ర పడదు. ప్రాణం మీదకొస్తుంది. ఆపరేషను అయ్యాక నొప్పికని ఇదే ఇచ్చి ఉంటే ఏమయ్యేదో."

క్యాలెండరు సంగతంతా విజయవాడ డాక్టరుకు ఉత్తరం రాసి, ఆ మాత్ర పేరు కింద ఎర్ర సిరాతో గీత గీశారు. ఆపరేషనుకు ముందు వాడమని కండ కుంగే మాత్రలు మళ్ళీ కొన్ని ఇచ్చారు. వారానికి జవాబు వచ్చింది. రమ్మన్నది గురువారం.

శివపార్వతి నా మొహం చూసింది. "వేరే రోజు అడుగుదామా వదినా?"

"వద్దు. నేనూ వస్తా."

ఇరవై ఏళ్ళ తర్వాత బస్టాండులో అడుగుపెట్టాను. శివపార్వతి కొంగు పట్టుకునే నడిచాను. ఏడుకొండలు మా తమ్ముణ్ణి చూడగానే గోలీ కొట్టి సోడా అందించాడు, రెండో చేతిలో మాత్ర.

"సోడా చాలు. మాత్ర నీ దగ్గరే ఉంచుకో," అన్నాను.

"అది లేకపోతే దారిలో తల పగులుద్ది పెద్దమ్మా."

"పగిలితే నేను కట్టు కడతాలే."

మైలవరంలో బస్సాగగానే వాడి వీపుకు చెవి ఆనించి విన్నాను. జనం వింతగా చూశారు. చూడనీ. వాడి రొమ్ములో గాలి తప్ప ఏమీ వినపడలేదు. విజయవాడ చేరేదాకా మరో మూడుసార్లు విన్నాను. నాలుగోసారి వాడు, "నన్ను కాస్త నిద్రపోనీ అక్కా," అన్నాడు. అలాగే నిద్రపోయాడు కూడా.

ఆపరేషనుకు గంట కూడా పట్టలేదు. మత్తు ముక్కు వరకే ఇచ్చారు. బయటికొచ్చి డాక్టరు పింగాణీ పళ్ళెంలో చూపించారు. తెల్లగా, జిగురుగా పదకొండు ముక్కలున్నాయి. తమ్ముడు ముక్కు నిండా గుడ్డ కూరుకుని, నోరు తెరుచుకుని పడుకున్నాడు. మంచం దగ్గర పలక మీద ఆ మాత్ర ఇవ్వకూడదని ఎర్రగా రాసి ఉంది. నర్సు జ్ఞానమణి దుప్పటి సర్దుతూ, "క్యాలెండరు పెద్దమ్మ మీరేనా? మా డాక్టరుగారు పిల్ల డాక్టర్లందరికీ మీ సంగతే చెబుతున్నారు," అంది. నేను పైట సర్దుకుని కొంచెం నిటారుగా కూర్చున్నాను.

గుడ్డ తీశాక, మూడోనాడు ముగ్గురం ఒకే బస్సులో వచ్చాం. కండ మళ్ళీ పెరిగితే మళ్ళీ వెళ్తాం. ఏ వారమైనా సరే.

ఇంటికొచ్చిన ఎనిమిదోనాడు నేను వసారాలో బియ్యం ఏరుతున్నాను. తమ్ముడు నా వెనగ్గా పోతూ పోతూ ఆగిపోయాడు. ఒకసారి గాలి పీల్చాడు. వంగి మళ్ళీ పీల్చాడు.

"అక్కా, నువ్వు పొడుం పీలుస్తున్నావా?"

నేను చేట మీదికి ఇంకాస్త వంగాను. వాడి ముక్కు పోయిన దిగుల్లో మొదలైన అలవాటది. వాసన తెలియని ఇంట్లో దాచుకోవడం ఎంతసేపు? వంటింట్లోంచి శివపార్వతి నవ్వింది.

"నాకు మూడేళ్ళుగా తెలుసు. పెద్దావిడ గదా అని ఊరుకున్నా."

వాడు చెయ్యి చాచాడు. బొడ్లోంచి పొడుం డబ్బా తీసి ఇచ్చేశాను. వాడు మూత తీశాడో లేదో తుమ్ము వచ్చింది. రెండు ముక్కుల్లోంచీ గాలి బుస్సున కొట్టింది. ఒకటి, రెండు, నాలుగు. ఒక్కో తుమ్ముకూ నేను చిరంజీవ, చిరంజీవ అంటూనే ఉన్నాను.