నాలుగు వందల పన్నెండో సీసా

గురువారం కాబట్టి ఇక్కడి అలవాటు ప్రకారం బఠాణీ సూపు, ఆ తర్వాత పాన్‌కేకులు. సూపులోకి ఆవముద్ద డబ్బా నేను బల్ల మీద పెట్టలేదని మా ఆయన తోర్గ్ని చెంచా కింద పెట్టి నా వైపు చూస్తూ కూర్చున్నాడు. అలమర అతని మోచేతికి జానెడు దూరంలోనే ఉంది. నేనే లేచి తీసిచ్చాను. పెళ్లయిన ముప్పై ఒక్కేళ్లుగా లేస్తూనే ఉన్నాను.

ఆ మధ్యాహ్నమే అతని రక్తపరీక్ష ఫలితం తెలిసింది నాకు. ఊమెయో నగరంలో మా ల్యాబ్‌ది ఒకటే పని. ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న మగవాళ్ల రక్తంలో కొన్ని ప్రోటీన్లు కొలిచి, ఎవరి జబ్బు ఉన్నచోటే పడి ఉంటుందో, ఎవరిది ఎగబడుతుందో ముందే చెప్పగలమా అని చూడడం. సీసాల మీద పేర్లుండవు, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో మాకు తెలియకూడదు, పరిశోధన ఇంకా తేలలేదు కనుక ఫలితం వాళ్లకూ చెప్పకూడదు. కానీ ఆ జబ్బే ఉండి ఈ పరిశోధనలో చేరిన తోర్గ్ని, రక్తమివ్వడానికి క్లినిక్‌లో వరుసలో కూర్చోనన్నాడు. ఇంట్లోనే నర్సు ఉండగా తనకేం ఖర్మ అన్నాడు. నేను నర్సును కాను, ల్యాబ్‌లో పరీక్షల యంత్రం నడిపేదాన్ని. అయినా ఈ బల్ల దగ్గరే రక్తం తీసి, 412 అని చీటీ అంటించి తీసుకెళ్లాను. అతను అడిగితే చేసేయడం ఎంత అలవాటైపోయిందంటే, తప్పని తోచనే లేదు.

412 ఎగబడే జబ్బే. మళ్లీ చేశాను, అదే వచ్చింది. అతన్ని చూసే డాక్టరేమో జబ్బు మెత్తనిదే, వసంతం దాకా ఆగి చూద్దామని ఉన్నాడు. నాకు ఏడుపు రావాలి. ముందుగా కళ్ల ముందుకొచ్చింది ఆపరేషన్ తర్వాత మూత్రం ఆగక తడిసే పక్కబట్టలు, వాటిని ఉతికే నా చేతులు. సిగ్గేసింది. మొగుడి చావు కబురు ముందు కూడా చాకిరీయే గుర్తొచ్చేంతగా అలిసిపోయానా అని భయం కూడా వేసింది.

సూపు అయ్యాక అంతా చెప్పేశాను, వసంతం దాకా ఆగొద్దన్నాను. తోర్గ్ని మూతి తుడుచుకున్నాడు.

"ఎవరు చేశారు పరీక్ష?"

"నేనే."

"అదీ సంగతి. సీసాలు కడిగేదానివి, నీకెందుకు సోల్వేగ్ ఈ పెద్ద పెద్ద మాటలు? మీ ప్రొఫెసర్‌తో ఓసారి చేయించు."

"ఆయన మళ్లీ నాతోనే చేయిస్తాడు. పదకొండేళ్లుగా ఆ యంత్రాన్ని ముట్టుకుంది నేనొక్కదాన్నే."

నవ్వి, పాన్‌కేకులు ఏవని అడిగాడు.

గిన్నెలు కడుగుతూ ఆలోచించాను. కారు బ్రేకులు సరిగా పడటం లేదని నెల రోజులు మొత్తుకున్నాను, తోర్గ్ని వినలేదు. పక్కింటి ఏవెర్ట్ ఒక్క మాట అనేసరికి, ఆ పూటే తోర్గ్ని కారును షెడ్డుకు తీసుకెళ్లాడు.

పొద్దున్నే డాక్టర్‌కి ఫోన్ చేసి, నంబరు, ఫలితం, రక్తం తీసింది ఎవరో, అన్నీ చెప్పాను. ఈ వారమే పిలిచి మళ్లీ గ్రంథిలోంచి ముక్క తీసి పరీక్ష చేయిస్తానన్నాడు. నేను చేసింది పైఅధికారులకు రాయక తప్పదని, నా ఉద్యోగం ఉండదని కూడా అన్నాడు. తెలుసన్నాను. ఒక్కటే అడిగాను.

"అనుమానం మీకే వచ్చిందని చెప్పండి డాక్టర్. నా పేరెత్తితే అతను రాడు."