వెండి నీళ్లు, పచ్చ బఠానీలు

చంద్రశేఖరం మాస్టారు గాజుబుడ్డిని కిటికీ వెలుగులోకి ఎత్తి చూశాడు. పసుపు కలిసిన ఆకుపచ్చగా తేలాల్సిన వెండి ద్రావణం నల్లటి మడ్డై అడుగున పేరుకుంది. గోడగడియారంలో పదిన్నర. మూడింటికి లిప్సా తన లేజరు పెట్టె సర్దుకుని వెళ్లిపోతుంది.

విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న లిప్సా రాయగడ బడికి వచ్చింది ఆ ఒక్కరోజుకే. ఆ పెట్టె పదార్థం మీద వెలుగు వేసి, తిరిగొచ్చే వెలుగును గీతలుగా చూపిస్తుంది. ఏ పదార్థం గీతలు దానివే. కాకపోతే, పదార్థం మరీ కొంచెమైతే గీతలు కనబడవు. వెండి రేణువుల పంచన చేరిస్తేనే అవి పైకి లేస్తాయి.

సోమవారం ఆడపిల్లల హాస్టల్లో దిగబోయే పచ్చ బఠానీల మీద మాస్టారికి అనుమానం. నానబెడితే నీళ్లు ఆకుపచ్చగా దిగుతున్నాయి. వాటిని పంపేది పెద్దబ్బాయి, బాలామణి తమ్ముడు. బాలామణి మాస్టారి భార్య. ఆమె పోయి ఎనిమిది నెలలు. అప్పటినుంచి పెద్దబ్బాయి ‘బావా’ అనడం మానేశాడు.

"గింజ రంగే అది మాస్టారూ," అన్నాడతను బల్ల పక్కన చేతులు కట్టుకుని. "రంగేసేరని మీ మిషన్ సెప్తే బస్తాలన్నీ నేనే గోతిలో పాతేస్తాను. సెప్పలేదా, సోమవారం దించేస్తాను. అయినా వెండి బొగ్గయిపోనాదేటి?"

మాస్టారు బుడ్డిని వాసన చూశాడు. పుల్లగా ఉంది.

"దేముడమ్మా, దీన్ని దేంతో తోమేవు?"

"సింతపండుతో బాబూ," అంది బడి ఆయా. "ఇందులో వెండి తయారవుద్దని మీరే సెప్పేరు గదా! సింతపండెట్టి తోమకపోతే వెండి మెరుస్తాదేటి?"

పెద్దబ్బాయి పగలబడి నవ్వాడు. మాస్టారికీ నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైందని గుర్తొచ్చి ఆగిపోయాడు.

బుడ్డిని యాసిడ్‌తో కడిగి, బ్యాటరీ షాపు నుంచి తెచ్చిన డిస్టిల్డ్ వాటర్‌తో ఐదుసార్లు జాడించాడు. సిల్వర్ నైట్రేటు నీళ్లు మళ్లీ మరిగాయి. మాస్టారు సిట్రేటు ఒక్కో చుక్కే వేశాడు. తేటనీళ్లు లేత పసుపయ్యాయి. పసుపు ముదిరింది. ఆపైన మబ్బుపట్టిన ఆకుపచ్చ.

"వచ్చేసింది!" అని లిప్సా ఒడియాలో అరిచింది.

అది చల్లారేలోగా రెండు రకాల బఠానీలను వేరువేరుగా స్పిరిట్‌లో నానబెట్టి వడకట్టారు. పోల్చి చూడ్డానికి నారాయణపట్న ఊరి పొలంలో రంగు లేకుండా ఎండబెట్టినవి ఒక గిన్నెలో, పెద్దబ్బాయివి ఇంకో గిన్నెలో. పొలం బఠానీల చుక్కను వెండి నీళ్లలో కలిపి, ఒక చుక్క ఉప్పునీరు వేసి చూస్తే తెర మీద చిన్న అలలే. తర్వాత పెద్దబ్బాయి బఠానీల చుక్క పెట్టారు. దానికీ అవే అలలు.

"సూసేరా?" అన్నాడు పెద్దబ్బాయి.

"దీనికింకా ఉప్పు పడలేదు," అన్నాడు మాస్టారు. "ఉప్పు పడితేనే రేణువులు దగ్గరికొస్తాయి. ఎక్కువైతే ముద్దకట్టి మునిగిపోతాయి." డ్రాపర్ కొనన ఒకే ఒక్క చుక్క నిలబెట్టి వదిలాడు.

"అక్క కూడా పులుసులో ఉప్పు ఇలాగే, నీల్లలో కరిగించి ఏసేది," అన్నాడు పెద్దబ్బాయి, తనలో తానే.

మాస్టారు మెల్లగా కలిపాడు. ద్రావణం నీలిబూడిద రంగుకి తిరిగింది. లిప్సా మీట నొక్కింది. తెర మీద గీత చివాలున లేచింది. దాని పక్కన ఇంకొకటి, ఆ తర్వాత అన్నిటికన్నా ఎత్తుగా పదహారువందల పదిహేను అంకె దగ్గర మరొకటి. లిప్సా తన కాగితం మీది గీతలను పక్కన పెట్టింది. బట్టలకు వేసే ఆకుపచ్చ రంగు! గీతకు గీత సరిపోయింది.

"మళ్లీ!" అన్నాడు మాస్టారు. మళ్లీ చేశారు. మళ్లీ అవే.

పెద్దబ్బాయి తెరకు ముక్కు ఆనించి చూశాడు. మొహం పాలిపోయింది.

"మిల్లోడు నన్ను ముంచేసేడు. బస్తాలు పాతేస్తాను, మాట తప్పను. కానీ నా కొడుకు సాయిరాం రోజూ ఏపించుకు తినేది కూడా ఈ బస్తాలోవేనేమో బావా!" అంటూ చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మం దాటాడు. "ఇంట్లో డబ్బా అట్టుకొస్తాను. ఆ అమ్మిని ఎల్లనీకు!"

లిప్సా గడియారం చూడలేదు. అప్పటికే కొత్త కాగితం తీసి తేదీ వేస్తోంది. మాస్టారు ఇంకో బుడ్డి అందుకుని, కడగమని దేముడమ్మ చేతిలో పెట్టాడు.

"వొట్టి నీల్లేనా బాబూ?" అంది ఆమె.

"వొట్టి నీళ్లే. త్వరగా!"