సర్వహక్కులూ మేడంవే

నేను ఒక చిన్న ప్రోగ్రామ్‌ని. చిన్న అన్నానని చులకన చేయకండి, తాగే నీళ్ల మంచీచెడూ చెప్పే పని నాది. గాజు గొట్టంలో నీళ్లు పోసి, ఎర్ర మందు నాలుగు చుక్కలేసి, ఫోటో తీసి నాకు చూపించాలి. రంగు పసుపుకు తిరిగినకొద్దీ, ఎముకలు వంచేసే ఫ్లోరైడు ఎక్కువన్నమాట. ఎంతుందో మొహమాటం లేకుండా చెప్పేస్తాను.

నన్ను కన్నది విజయనగరం కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే పారిజాతం మేడం. రెండేళ్లు ముప్పుతిప్పలు పెట్టాను పాపం, ఆవిణ్ణి. నాకు నడకొచ్చాక, నన్నూ, నాతోపాటు తను రాసిన పాఠాలనూ నెట్‌లో పెట్టేసి, "ఇక నువ్వు అందరి బిడ్డవే" అని మురిసిపోయింది. అంతటితో ఊరుకుంటే బాగుండును! వాళ్ల నాన్నగారిది ప్రింటింగు ప్రెస్సు. ఏ పుస్తకమైనా అట్ట తిప్పగానే "సర్వహక్కులూ రచయితవి" అని వేయడం ఆ ఇంటి ఆచారం, శుభలేఖకు పసుపు రాసినట్టు. ఆ అలవాటులో నా నెత్తినా అదే రాసింది: "సర్వహక్కులూ రచయిత్రివి. అనుమతి లేనిదే వాడరాదు." రాసింది ఒక్కసారి చదువుకుందా? లేదు! చదువుకున్నవాళ్లు చదవనిది తాము రాసిందే.

ఏడాది గడిచింది. నన్ను ముట్టినవాడు లేడు. గుంటూరులో టీచర్ల శిక్షణ తరగతిలో, తెర మీద నన్ను చూపిస్తూ మేడం నిష్ఠూరమాడింది.

"అందరికీ ఉచితంగా ఇచ్చేశానండీ! మీరే వాడుకోవడం లేదు."

వెనక బెంచీలోంచి ఒకాయన లేచాడు. కనిగిరి వైపు హైస్కూల్లో సైన్సు మాస్టారు, దైవకుమార్.

"అదేంది మేడం, వాడొద్దని మీరే రాస్తిరి గదా!"

"నేనా?"

"నీళ్లు ల్యాబుకు పంపితే జవాబే రాదు. మీదైతే మేమే చూసుకోవచ్చని ఎంతో ఆశపడ్డా. తీరా చూస్తే అనుమతి లేనిదే వాడరాదని ఉండె. మీ కాలేజీకి మెయిలు పెట్టినా, ఉలుకూ పలుకూ లేదు. పరాయి సొమ్ము అడక్కుండా ముట్టొద్దని పిల్లకాయలకు చెప్పేవాణ్ణి, నేనెట్టా ముడతా?"

కాలేజీ మెయిలు ఎవరూ తెరవరు, ఆ సంగతి మేడంకీ తెలుసు. తెర మీద ఆ వాక్యం చూసింది. కుర్చీలో కూలబడింది.

"నా బుద్ధి మండిపోనూ! తలుపులు బార్లా తీశాననుకుని తాళం వేసుకున్నానా!"

అక్కడే, అందరి ముందూ, ఆ ముక్క చెరిపేసింది. దాని చోట కొత్త లైసెన్సు పెట్టింది: ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి, పంచుకోండి, నా పేరు మాత్రం ఉంచండి. అంతే! ఈపాటి మాటకా ఏడాది పట్టింది? నాకు మతిపోయింది.

మాస్టారు ఊరు చేరగానే ఒక గొట్టంలో నీళ్లు పట్టి నాకు చూపించాడు. ఫోను స్పీకరులో మేడం వింటోంది. మందు చుక్కలు పడ్డాయో లేదో, ఎరుపు ఆనవాలైనా మిగల్లేదు. పచ్చటి పసుపు! నేనే హడలిపోయాను. ఏం చేయను, అబద్ధం చెప్పడం చేతకాని పుట్టుక నాది. ఫ్లోరైడు ఉండదగ్గ హద్దుకు మూడింతలని చెప్పాను.

"ఎక్కడివండీ ఆ నీళ్లు?" అంది మేడం.

మాస్టారు గొట్టం కింద పెట్టాడు.

"బడి బోరింగువి మేడం. పిల్లకాయలంతా రోజూ తాగేది ఇయ్యే."

"ఏడాదిపాటు తాగనిచ్చానా!" అంది మేడం. ఆ ఏడాదంతా నేను ఖాళీగానే ఉన్నాను.